శరత్తులో కుక్కతో నడక

విజయవాడలోని పటమట వీధుల్లో పొద్దున్నే కుక్కను గబగబా తిప్పి తెచ్చేవారు, ఈ శరదృతువులో ఒక్క ఆదివారమైనా దాన్ని నూజివీడు వైపు మామిడితోటకో, కొండపల్లి కొండల కిందున్న చిన్న కమతానికో తీసుకెళ్లాలి. వానలకు తడిసిన నేల ఇంకా పూర్తిగా ఆరలేదు. మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు సుమారు 50 లక్షలైతే, కుక్కకు 20 కోట్ల పైమాటే. తడి ఆకులో, ముంగిస దాటిన గట్టులో మనకందని సంగతులెన్నో అది పసిగడుతుంది. కాబట్టి ఎంత దూరం నడిపించామన్నది కాదు, ఎన్నిచోట్ల ఆగనిచ్చామన్నదే దానికి ముఖ్యం. పగ్గం లాగి తొందరపెట్టడం దాని సంతోషాన్ని సగం లాగేసుకోవడమే.

పాములుంటాయి కదా అంటారు. నిజమే, తోట గట్ల మీద నాగుపాము, రక్తపింజర తిరుగుతాయి. అందుకు మందు ఇంట్లో కట్టేయడం కాదు. బాగా తెల్లవారాక బయల్దేరడం, పొట్టి పగ్గం, గడ్డి కోసిన దారి. అడవి జంతువుల గురించిన అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. కుక్కల నుంచి నక్కలకు రేబిస్, డిస్టెంపర్ సోకగలవు. రిజర్వు అడవిలోకి కుక్కను తీసుకెళ్లనే కూడదు, నడక తోట గట్టు దగ్గరే ఆగాలి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినం. టీకా గడువు చూసుకున్నాకే తోట దారి పట్టండి.