మల్కు చెవి

ధ్యాన భాగం: యోహాను 18:10–27, అపొస్తలుల కార్యములు 5:27–42



మన యౌవనస్థుల కూడికల్లో ఒక ప్రశ్న పదే పదే వస్తోంది. ఒక దేశం మరో దేశాన్ని ఆక్రమించి, దాని నేలనూ నీళ్లనూ తీసుకొని, ఎదురు తిరిగినవాణ్ణి చంపుతుంటే ఆ ప్రజలు ఆయుధం పట్టకూడదా? రెండో చెంప కూడా చూపమన్న ప్రభువు వారికి ఏం చెబుతాడు? "ప్రార్థన చేద్దాం" అని ఈ ప్రశ్నను దాటవేయడం సులువు. వాక్యం మాత్రం దాటవేయదు. పేతురు ఒక్కడి జీవితంలోనే రెండు దారులూ మనకు కనిపిస్తాయి.

ముందుగా ఆ కాలాన్ని గుర్తు చేసుకుందాం. క్రిస్మస్ కార్డుల మీద గలిలయ ప్రశాంతమైన పల్లెసీమ. నిజమైన గలిలయ అలా లేదు. క్రీ.పూ. 4లో హేరోదు చనిపోగానే తిరుగుబాటుదారులు సెఫోరిస్ పట్టణంలోని ఆయుధాలను దోచుకున్నారు. రోమా అధికారి వారుస్ సేనలు వచ్చి ఆ పట్టణాన్ని తగలబెట్టి, అక్కడివారిని బానిసలుగా చేశాయి. ఆ అణచివేతలో సుమారు 2,000 మందిని సిలువ వేశారని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. నజరేతు నుండి సెఫోరిస్ ఆరు కిలోమీటర్లు, అంటే నడిచి వెళ్లి వచ్చే దూరం. తర్వాత క్రీ.శ. 6లో పన్ను కోసం ప్రజాసంఖ్య రాయబోతే, దేవుడు తప్ప మనకు వేరే యజమాని లేడంటూ గలిలయుడైన యూదా జనాన్ని లేపాడు. అప్పటికి యేసు బాలుడు.

కాబట్టి శత్రువును ప్రేమించుమన్న మాట సామ్రాజ్యమంటే ఏమిటో తెలియని అమాయకుడి నోట వచ్చింది కాదు. కాలిన ఊరి పక్కన పెరిగినవాడు చెప్పిన మాట అది.

ఇప్పుడు గెత్సేమనే తోటకు వెళ్దాం. ఆయుధాలతో, దివిటీలతో మనుషులు వచ్చారు. పేతురు కత్తి దూశాడు. అతని ఉద్దేశంలో తప్పేముంది? ఏ పాపమూ చేయని గురువును అన్యాయంగా పట్టుకుపోతున్నారు. కానీ ఆ కత్తి ఎవరి మీద పడిందో చూడండి. కైసరు మీద కాదు, పిలాతు మీద కాదు, కయప మీద కూడా కాదు. కయప ఇంటి దాసుడి మీద పడింది. యోహాను అతని పేరు కూడా రాశాడు: మల్కు. యజమాని పంపితే వచ్చినవాడు. రానని చెప్పే స్వేచ్ఛ అతనికి ఉందా? పెద్దల మీదికని ఎత్తిన కత్తి చాలాసార్లు దాసుడి చెవి దగ్గర ఆగుతుంది.

ప్రభువు ఏం చేశాడు? పేతురును ఆపాడు. లూకా చెప్పినట్టు, ఆ చెవిని ముట్టి బాగుచేశాడు. సంకెళ్లు పడకముందు ఆయన చేసిన చివరి స్వస్థత తనను పట్టుకోవడానికి వచ్చినవాడికే.

అదే రాత్రి ప్రాంగణంలో పేతురు మూడుసార్లు బొంకాడు. మూడోసారి అడిగింది ఎవరో గమనించారా? యోహాను 18:26 ప్రకారం మల్కు బంధువే. తోటలో నిన్ను చూశాను కదా అన్నాడు. కత్తి పట్టిన చేతికి అక్కడ ధైర్యం మిగల్లేదు. ఆ కత్తి వల్లనే పేతురుకు దాక్కోవలసిన కారణం ఒకటి అదనంగా చేరింది.

ఇక అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం చూడండి. అదే పేతురు, అదే మహాసభ. చేతిలో కత్తి లేదు. యేసు పేరు ఎత్తవద్దని ఆజ్ఞాపిస్తే, మనుషుల మాటకంటే దేవుని మాటే మేము వినాలి అని ముఖం మీదే చెప్పాడు. కొట్టించుకున్నాడు. మర్నాడు మళ్లీ దేవాలయంలో బోధించాడు. ఇదీ ఎదిరింపే. సహోదరులారా, అహింస అంటే నోరు మూసుకోవడం కాదు. చంపకుండా లొంగకపోవడం.

ఇది అపొస్తలులకే సాధ్యమని అనుకోకండి. పిలాతు అధిపతిగా వచ్చిన తొలి రోజుల్లో కైసరు ప్రతిమలున్న సైనిక ధ్వజాలను రాత్రివేళ యెరూషలేములోకి తెప్పించాడు. మామూలు జనం కైసరయకు నడిచి వెళ్లి అతని నివాసం చుట్టూ ఐదు రోజులు కదలకుండా పడి ఉన్నారు. ఆరో రోజు సైనికులు చుట్టుముట్టి కత్తులు దూస్తే, నేలమీద పడి మెడలు చాచారు. ధర్మశాస్త్రం మీరడంకంటే చావే మేలన్నారు. పిలాతు ధ్వజాలను తీయించాడు. అయితే ఇంకోసారి, కాలువ కోసం దేవాలయపు సొమ్ము వాడాడని జనం గోల చేస్తే, మారువేషంలో ఉన్న సైనికులతో కొట్టించాడు. చాలామంది చనిపోయారు. అహింసకు గెలుపు గ్యారంటీ లేదు. ఆ సంగతి సిలువ దగ్గర నిలబడే మనకు కొత్త కాదు.

మరి కత్తికి గ్యారంటీ ఉందా? 66లో యూదులు తిరగబడ్డారు. యెరూషలేములో తిరుగుబాటు వర్గాలు ఒకరినొకరు చంపుకొని, ఊరికి తిండి పెట్టవలసిన ధాన్యాన్ని తామే తగలబెట్టుకున్నాయి. 70లో రోమా సేన దేవాలయాన్ని కూల్చింది.

మన నేల మీదా రెండు దారులూ కనిపిస్తాయి. మన్యంలో అటవీ చట్టాలు పోడును కట్టడి చేశాయి. రోడ్ల పనుల్లో గిరిజనులతో వెట్టిచాకిరీ చేయించారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు పోలీసు ఠాణాల మీద దాడి చేసి ఆయుధాలు తీసుకున్నాడు. 1924 మేలో ఆయనను కాల్చి చంపారు. అంతకు ముందే, 1921లో, ఇష్టం లేని మునిసిపాలిటీనీ దాని పన్నులనూ ఒప్పుకోక చీరాల పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరే ఖాళీ చేసి, నెలల తరబడి రామనగర్ గుడిసెల్లో కాపురమున్నారు. నాయకుణ్ణి జైల్లో పెట్టారు. చివరికి జనం తిరిగి రావలసి వచ్చింది. అప్పటికప్పుడు రెండు పోరాటాలూ గెలవలేదు. కాబట్టి ఏది గెలుస్తుందనే లెక్కతో మనం దారి ఎంచుకోలేం. మల్కును ఏం చేస్తున్నాం అన్నదే మన ప్రభువు అడిగే ప్రశ్న.

ఇక్కడ ఒక జాగ్రత్త. వెట్టి కింద నలిగి కత్తి పట్టినవాడి మీద రాయి వేసే హక్కు మనకు లేదు. బిడ్డను కాపాడుకోవడానికి చేతికి దొరికింది అందుకున్న తల్లికి తీర్పు తీర్చే పీఠం మనది కాదు. పైగా మనం ఎక్కడ కూర్చున్నామో చూసుకోవాలి. వేల మైళ్ల దూరంలో, తాళం వేసిన ఇంట్లో, ఫోన్ చేతిలో పట్టుకుని "కొట్టండి, వదలకండి" అని ఫార్వర్డ్ చేయడం చౌక. అదే సోఫాలో కూర్చుని "ఓర్చుకోండి, దేవుడు చూసుకుంటాడు" అని నలిగేవారికి చెప్పడం కూడా అంతే చౌక. రెండింటికీ మన ఒంటి మీద ఒక్క గీత పడదు. ప్రభువు ఇంకొకరి చెంప చూపించలేదు. తన చెంపే చూపించాడు.

మరి మనమేం చేయగలం? మొదట, ఫార్వర్డ్ బటన్ నొక్కేముందు అవతలి వైపున ఉన్న మల్కు ఎవరని అడుగుదాం. అతని కోసం కూడా ప్రార్థిద్దాం. రెండోది, గాయపడిన చెవిని బాగుచేసే పనికి మన సొమ్మూ సమయమూ ఇద్దాం. ఆ చెవి ఏ పక్షానిదని అడగవద్దు. మూడోది, మన చేతికింద ఉన్నవారిని చూద్దాం. మన ఇంట్లో వంట చేసే అక్కకు సెలవు ఉందా, జీతం సమయానికి అందుతోందా? రోమును తిడుతూ ఇంట్లో చిన్న కైసరుగా ఉండకూడదు. నాలుగోది, మనతో అన్యాయం చేయించాలని ఎవరైనా చూస్తే, నష్టం మనమే భరించి "చేయను" అని చెప్పే ధైర్యాన్ని అడుగుదాం.

ఆ ధైర్యం పేతురుకు పుట్టుకతో రాలేదు. బొంకినవాడు సమాధిలోనుండి లేచిన ప్రభువును చూశాడు, పరిశుద్ధాత్మను పొందాడు, ఆ తర్వాతే మహాసభ ఎదుట నిలబడ్డాడు. అదే ఆత్మ మనకూ ఇవ్వబడ్డాడు. కత్తిని ఒరలో పెట్టే కృపనూ, ఒర ముందు తల వంచని కృపనూ ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.