గిర్రున తిరగడానికి ఎంత ఖర్చవుతుంది?

చవగ్గా తీసిన సూపర్‌హీరో సీరియళ్ళ మాట ఎత్తితే ముందు అందరికీ నవ్వొస్తుంది. నడుముకి కట్టిన తీగ కనబడిపోతుంది. ఎగిరే మనిషికీ వెనకున్న ఆకాశానికీ పొత్తు కుదరదు. పేలిపోయిన కొండ అట్టముక్కదని చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. నవ్వడంలో తప్పేమీ లేదు. కానీ నవ్వి ఊరుకుంటే ఒక ప్రశ్న మన చేతిలోంచి జారిపోతుంది. ఈ సీరియళ్ళలో డబ్బు లేక చెయ్యలేకపోయినవేవి? డబ్బుతో పనే లేకపోయినా చెయ్యకుండా వదిలేసినవేవి? ఈ రెండిటినీ విడదీసి చూడాలనిపిస్తుంది నాకు. ఎందుకంటే "డబ్బుల్లేవు" అన్న మాట మన ఇళ్ళల్లో ఎన్ని నిర్ణయాలకి ముసుగయిందో మనకి తెలుసు. అన్న ఇంజనీరింగు సీటుకి ఎక్కడినుంచో పుట్టుకొచ్చే డబ్బు చెల్లెలి డిగ్రీ ఫీజు దగ్గరికొచ్చేసరికి ఎందుకు పుట్టదో అడిగితే, అది ఆర్థికశాస్త్రం ప్రశ్న కాదని అడిగినవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు.

1997 సెప్టెంబరులో దూరదర్శన్‌లో మొదలై 2005 మార్చి దాకా నడిచిన 'శక్తిమాన్'ని గుర్తుచేసుకుందాం. ఆ సీరియల్ మొదలయ్యేనాటికి నేను గుడివాడలో డిగ్రీ చదువుతున్నాను. ఆదివారం మధ్యాహ్నమైతే మా తమ్ముళ్ళూ పక్కిళ్ళ పిల్లలూ మా ముందుగదిలో చేరేవాళ్ళు. హిందీ ఒక్క ముక్క రాకపోయినా వాళ్ళకి అర్థం కానిదేమీ ఉండేది కాదు. చెయ్యి పైకెత్తి బొంగరంలా గిర్రున తిరిగితే గంగాధర్ శక్తిమాన్ అయిపోతాడు, అంతే. ముకేష్ ఖన్నా వేసిన ఈ పాత్ర ఏ కామిక్ పుస్తకంలోంచీ నేరుగా వచ్చింది కాదు. అయితే అచ్చు మాత్రం అక్కడిదే. కళ్ళజోడు పెట్టుకుని పత్రికాఫీసులో అమాయకుడిగా తిరిగే మనిషి, అదే ఆఫీసులో ధైర్యవంతురాలైన విలేకరి, ఆ ఇద్దరి మధ్యా ఒక రహస్యం. ఇదంతా సూపర్‌మ్యాన్ కథే. ఆ అచ్చులో మన యోగాన్నీ పంచభూతాల్నీ పోసి బొమ్మ తీశారు. అచ్చంగా కామిక్ లోంచే తీసినది కావాలంటే ప్రాణ్ సృష్టించిన 'చాచా చౌదరి' 2002లో సహారా టీవీలో సీరియల్‌గా వచ్చింది. అందులో తెలివి ముసలాయనకిచ్చారు, బలం గురుగ్రహం నుంచి వచ్చిన సాబూకిచ్చారు, ఇల్లు చాచీకిచ్చారు.

చవకదనం దానంతటది లోపమని నేననుకోను. 1977 నుంచి 1982 దాకా అమెరికా టెలివిజన్‌లో వచ్చిన 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' చూడండి. కామిక్ లోని మహా యుద్ధాలూ రాక్షస విలన్లూ టీవీ ఖర్చుకి అందేవి కావు. ఒక కండల వీరుడికి ఆకుపచ్చ రంగు పూసి, మిగతా సమయమంతా ఊరూరా తిరుగుతూ చిన్నచిన్న పనులు చేసుకుని బతికే ఒంటరి మనిషి కథ నడిపారు. కోపం మనిషిని ఎలా వెలివేస్తుందో చెప్పడానికి పెద్ద ఖర్చు అవసరం లేకపోయింది.

ఆ మాటకొస్తే చవకగా చూపించి నమ్మించడం మా ప్రాంతానికి కొత్త విద్య కాదు. గుడివాడ నుంచి దివిసీమ వైపు పోతుంటే పామర్రు దాటాక కూచిపూడి వస్తుంది. అక్కడి కళాకారులు భామాకలాపం ఆడినప్పుడు రంగస్థల వైభవమంతా ఇద్దరు మనుషులు పట్టుకున్న ఒక తెర. ఆ తెర మీదుగా ఇవతలికి పడిన ఒక జడ. ఆ జడ చూసే జనం సత్యభామ వచ్చిందని నమ్మారు. నమ్మించిన సంగతేమిటి? ఒక స్త్రీ తన పేరు తను చెప్పుకుంటుంది, తన గొప్ప తను చెప్పుకుంటుంది, తన కోపానికీ కోరికకీ కారణాలు తనే చెబుతుంది. పితృస్వామ్యం అక్కడ లేదని కాదు. ఆ జడ వేసుకున్నది తరతరాలుగా మగవాళ్ళే. కథ చివర భామ గర్వం వంగాల్సిందే. ఇన్ని పరిమితుల్లోనూ ఆటకి కేంద్రం ఆమె ఇష్టమే, ఆమె మాటే. ఒక తెరకీ ఒక జడకీ ఇంత సాధ్యమైనప్పుడు, కెమెరా ఉన్న సీరియల్‌కి ఎందుకు సాధ్యం కాలేదన్నదే నా ప్రశ్న.

శక్తిమాన్‌లో గీతా విశ్వాస్ ఉంది. మొదట కిటూ గిద్వానీ, తర్వాత వైష్ణవి మహంత్ వేసిన పాత్ర. ఆమె పిరికిది కాదు, తెలివితక్కువది కాదు. అన్యాయం ఉన్నచోటికి ముందుగా వెళ్ళేది ఆమే. కానీ నేను చూసిన ఎపిసోడ్లలో చాలావాటిలో ఆ ధైర్యం ఒక్క పనికే పనికొచ్చింది, ఆమెని ప్రమాదం దాకా నడిపించడానికి. అక్కడికెళ్ళాక ఆమె ధైర్యం ఆగిపోతుంది, ఆయన బొంగరం మొదలవుతుంది.

దివిసీమలో కోడూరు దాపున ఉండే మా పెద్దమ్మ ఒకసారి మా ఇంటికొచ్చి పిల్లలతో పాటు ఈ సీరియల్ చూసింది. కాసేపయ్యాక "ఈ పిల్లని మళ్ళీ కట్టేశారేంటే? కాళ్ళు కట్టలేదుగా, లేచి పోదేం?" అంది. అందరం నవ్వాం. ఆ మాట నాతో మిగిలిపోయింది. ఆ పిల్ల లేచి వెళ్ళిపోవడానికి తీగలు అక్కర్లేదు, గ్రాఫిక్సు అక్కర్లేదు. రాసేవాడి కలంలో ఒక వాక్యం చాలు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. 1941లో విలియం మోల్టన్ మార్స్టన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కామిక్ పుటల్లో వండర్ వుమన్ని సృష్టించాడు. 1975 నుంచి 1979 దాకా లిండా కార్టర్ ఆ పాత్రని టీవీలో వేసింది. అందులో ఆమె మామూలు మనిషి నుంచి వీరవనితగా మారేది ఎలాగనుకున్నారు? గిర్రున తిరిగి. మధ్యలో ఒక మెరుపు, అంతే. శక్తిమాన్ చేసిందీ దాదాపు అదే. ఒకే చవక ఉపాయం, ఒకే గిరికీ. దాన్ని ఆడమనిషి తిరిగినా మగమనిషి తిరిగినా నిర్మాతకి పడే ఖర్చు ఒకటే. ఎవర్ని తిప్పాలన్నది డబ్బు తేల్చిన విషయం కాదు, ఊహ తేల్చిన విషయం. వండర్ వుమన్ దుస్తుల్ని ఎవరి చూపుల కోసం కత్తిరించారన్న వాదన వేరే ఉంది, అది న్యాయమైన వాదనే. అయినా తిరగడం మొదలుపెట్టేది ఎప్పుడో ఆమే నిర్ణయించుకునేది.

తిరగడం అసలు మన ఆడపిల్లల ఆట కాదూ? ఒప్పులకుప్ప ఆడని వాళ్ళం మనలో ఎవరున్నాం? కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు అడ్డంగా పట్టుకుని, వెనక్కి వాలి తిరుగుతాం. ఆ ఆటలో ఒక్కతే తిరగడం కుదరదు. నా బరువు నీ చేతుల్లో, నీ బరువు నా చేతుల్లో. ఎవరు వదిలినా ఇద్దరం పడతాం. శక్తిమాన్ గిరికీలో ఈ రెండో మనిషి లేదు. అతను ఒక్కడే తిరుగుతాడు, ఒక్కడే కాపాడతాడు, మిగిలిన ఊరంతా తలెత్తి చూస్తుంది.

ఇక అసలు నైతిక ప్రశ్నకి వస్తాను. ఎవరో వచ్చి కాపాడతారని ఆగి ఉండటం మంచితనమా? మన కథలు అవుననే చెప్పాయి. ఆగిన సీత ఉత్తమురాలు, గీత దాటిన సీత తప్పు చేసింది. సూపర్‌హీరో సీరియల్ ఈ నీతినే రంగుబట్టలు కట్టి పిల్లలకి అందించింది. ఇది తెరమీదే ఉంటే నాకు పట్టింపు లేదు. కానీ 1991లో బంగ్లాదేశ్‌లో లక్షమందికి పైగా పోయిన తుఫానులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే చాలా ఎక్కువగా చనిపోయారు. కారణాలు వెతికినవాళ్ళు చీరకట్టు గురించి చెప్పారు, చంకలోని పిల్లల గురించి చెప్పారు. దాంతోపాటు ఇంకొకటి చెప్పారు. భర్త వచ్చి పదమనేదాకా ఇల్లు కదలకూడదని ఆగిపోయినవాళ్ళు ఉన్నారట. ఆగడం అనే సుగుణం నీళ్ళలో ఎంత బరువుంటుందో అప్పుడర్థమవుతుంది.

మా పెద్దమ్మ బతికి ఉండటానికి కారణం ఆమె ఆగకపోవడమే. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డ రోజు పెదనాన్న బందరులో ఉన్నాడు. ఆయనొచ్చాక వెళ్దామని అత్తగారు పట్టుబట్టింది. పెద్దమ్మ వినలేదు. ఇద్దరు పిల్లల్ని తీసుకుని, ఆ అత్తగారినే రెక్క పట్టుకుని లాక్కుంటూ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి రైసుమిల్లు డాబా ఎక్కింది. రాత్రంతా ఐదారుగురూ ఒకరి నడుములకొకరు చీరలు ముడేసుకుని కూర్చున్నారు. ఆ చీరలే వాళ్ళ తీగలు. శక్తిమాన్ చూస్తూ ఆమె అడిగిన రెండో ప్రశ్న "వీడు అప్పుడెక్కడున్నాడే?" అన్నది. అందులో వెటకారం ఉంది, దుఃఖం కూడా ఉంది.

ఆ ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే పదివేలమందికి అటూఇటుగా పోయారు. అప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు బాధితుల కోసం జోలె పట్టి ఊళ్ళు తిరిగారు. అది మరిచిపోదగ్గ పని కాదు, నేను తక్కువ చెయ్యను. గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన రామారావు 1980లో తెలుగు 'సూపర్‌మ్యాన్' సినిమాలో ఎగిరాడు. పేరు అమెరికాది, శక్తి ఆంజనేయుడిది. 1983లో గుడివాడ నుంచి శాసనసభకి గెలిచి ముఖ్యమంత్రి అయ్యాడు. తెరమీది రక్షకుడూ తెర బయటి రక్షకుడూ ఒకే ముఖంతో కనబడటం మా జిల్లావాళ్ళకి బాగా అలవాటైన విషయం. అందువల్ల జరిగిన మేలు జరిగింది. జోలె పట్టినవాళ్ళ పేర్లు మనకి కంఠతా వచ్చు. ఆ జోలెలో చేతి గాజు తీసి వేసినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

ఇప్పుడు ఇంకో తేదీ చూద్దాం. 1990 మే 9న మళ్ళీ ఒక భయంకరమైన తుఫాను కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరగానే తీరం దాటింది. ఈసారి పోయినవాళ్ళు వెయ్యికి లోపు. ఒక్క ప్రాణమైనా ప్రాణమే. అయినా పదివేలకీ వెయ్యికీ మధ్య ఉన్న తేడా ఎవరు? ఆకాశంలోంచి ఎవరూ దిగలేదు. ముందే అందిన హెచ్చరికలు, తుఫాను రక్షణ భవనాలు, పెద్ద సంఖ్యలో జనాన్ని తీరం నుంచి తరలించిన మామూలు ఉద్యోగులు. దానితోపాటు, చెప్పిన మాట విని బియ్యం మూటా పిల్లల్నీ సర్దుకుని ముసలివాళ్ళని బతిమాలి బయల్దేరదీసిన ఆడవాళ్ళు. ఈ కథలో గిరికీ లేదు, మెరుపు లేదు. సీరియల్‌గా తీస్తే ఎవరూ చూడరేమో. కానీ తియ్యడానికి శక్తిమాన్ అంత ఖర్చు కూడా కాదు.

"పిల్లల సీరియల్ మీద ఇంత బరువు మోపాలా?" అని అడగొచ్చు. అప్పట్లో శక్తిమాన్ వచ్చి కాపాడతాడని పిల్లలు ప్రమాదాలు కొనితెచ్చుకుంటున్నారని పత్రికలు రాశాయి. అందులో నిజమెంతో అన్న వాదం కూడా నడిచింది. తన విన్యాసాల్ని అనుకరించవద్దని ముకేష్ ఖన్నా పిల్లలకి చెప్పాడు కూడా. ఎపిసోడ్ చివర శుభ్రత గురించీ, తప్పు చేస్తే క్షమాపణ అడగడం గురించీ చెప్పే చిన్న పాఠాలు ఉండేవి. అవి నాకు నిజంగా ఇష్టం. ఎగరడం చేతకాని పిల్లవాడు కూడా చెయ్యగలిగిన మంచి పనులవి. అంటే మామూలు మనిషి చేసే చిన్న పనిలో ధర్మం ఉందని ఆ సీరియల్‌కి తెలుసు. తెలిసిన ఆ సంగతిని చివరి రెండు నిమిషాలకి పరిమితం చేసింది. మిగతా అరగంట గీతకి ఇవ్వలేకపోయింది.

డబ్బొస్తే మారుతుందా? 2024లో వచ్చిన తెలుగు సినిమా 'హనుమాన్' ఆ పాత సీరియళ్ళు కలలో కూడా ఊహించలేనంత హంగుతో వచ్చింది. అందులో అక్క అంజమ్మ తనే తిరగబడి కొట్టగల మనిషి. చూస్తుంటే ఎంతో సంతోషం వేసింది. చివరికి ఆమె చావు తమ్ముడి పోరాటానికి కారణంగా మారింది. తీగ కనబడకుండా చెయ్యడం నేర్చుకున్నాం. కట్టు మాత్రం అక్కడే ఉంది.

ఆడవాళ్ళు కూడా ఎగరాలని అడగడం నా ఉద్దేశం కాదు. ఎగిరే ఆడమనిషి ఒకామె వచ్చి, కింద మిగతా ఆడవాళ్ళందరూ తలెత్తి చూస్తుంటే మనకి మిగిలేది ఇంకో రక్షకురాలే. నేను అడిగేది ఇంతకంటే చవకైనది. కాపాడబడిన మనిషి తర్వాత ఏం చేసిందో చూపించండి. ఆమె ఎవర్ని లాక్కొచ్చింది, ఎవరి మాట కాదని గడప దాటింది, ఎవరి నడుముకి తన చీర ముడేసింది? వీటికి స్టూడియో అక్కర్లేదు. పక్కన చెయ్యి పట్టుకున్న రెండో మనిషిని కెమెరా చట్రంలోంచి తీసెయ్యకుండా ఉంటే చాలు.