ఇంటి కోడికి ఎవరి కత్తి?

 

పెరట్లో తిరిగే కోడిని కోసుకోవడం మన ఇళ్ళలో మామూలు పని. అల్లుడు వచ్చాడని, పండుగ వచ్చిందని ఒక పుంజును పడతాం, కోస్తాం, వండుకుంటాం. అయితే ఆ కాసేపట్లోనే ఒక ప్రాణం పోతుంది. మన పళ్ళెంలోకి వచ్చేది హలాలా, హరామా అన్నది కూడా అప్పుడే తేలిపోతుంది. అల్లాహ్ పేరు స్మరించి కోసినదే తినాలని, ఆయన పేరు స్మరించని దాన్ని తినరాదని అల్ అన్‌ఆమ్ సూరా (6:118, 121) మనకు ఆదేశిస్తోంది. కనుక ఇది వంటగది విషయమే కాదు, విశ్వాసానికి సంబంధించిన విషయం కూడా.

ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు పేరుపడిన ఊరు. ఇటువంటి ఊళ్ళలో మగవాళ్ళు పొద్దున్నే క్వారీకో, రాయి కోసే ఫ్యాక్టరీకో, లారీ మీదికో వెళ్ళిపోతారు. కోళ్ళకు నూకలు చల్లేదీ, సాయంత్రం గంప కింద కమ్మేదీ ఇంటి ఆడవాళ్ళే. కోడిని కోయవలసి వస్తే మాత్రం దాని కాళ్ళు కట్టి, మగమనిషి ఎవరైనా కనిపిస్తాడా అని గుమ్మంలో నిలబడతారు. వీధిలో పోయే కుర్రాణ్ణి పిలుస్తారు. వాడికి బిస్మిల్లాహ్ చెప్పడం వచ్చా, కత్తి పట్టడం తెలుసా అని ఎవరూ అడగరు. మగపిల్లవాడైతే చాలు! ఐదుపూటలా నమాజు చేసే తల్లి కోస్తే చెల్లదట, జుమాకైనా మస్జిదు గడప తొక్కని కుర్రాడు కోస్తే చెల్లుతుందట! ఈ మాట ఖుర్ఆన్‌లో లేదు, హదీసులో లేదు, ఫిఖహ్ గ్రంథాల్లోనూ లేదు.

స్త్రీ చేతి జిబహ్

బుఖారీ గ్రంథంలోని ఒక హదీసును ప్రతి ముస్లిం గృహిణీ తెలుసుకోవాలి. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) ఇంటి బానిస స్త్రీ ఒకామె మదీనాలోని సల్‌అ కొండ దగ్గర గొర్రెలు కాసేది. ఒకరోజు మందలోని ఒక గొర్రె చావబోతున్నట్లు ఆమె గమనించింది. చేతిలో కత్తి లేదు. మగవాళ్ళ కోసం చూస్తూ కూర్చోలేదు. ఒక రాయిని పగలగొట్టి, దాని పదునైన అంచుతో జిబహ్ చేసింది. తినవచ్చా అని దైవప్రవక్త (సఅసం)ను అడిగితే, తినమని ఆయన సెలవిచ్చారు. రాతి అంచు ఎంత పదునుగా ఉంటుందో చీమకుర్తి వారికి మేము చెప్పనక్కరలేదు!

ఈ హదీసు ఆధారంగానే ఇస్లామీ ధర్మవేత్తలు స్త్రీ చేసిన జిబహ్ చెల్లుతుందన్నారు. బహిష్టు సమయంలో ఉన్నా చెల్లుతుంది. వుజూ ఉండాలన్న షరతు కూడా లేదు. బిస్మిల్లాహ్ అర్థం తెలిసి, కోయడం చేతనైన బాలుడైనా, బాలికైనా చేయవచ్చు. చూడవలసింది ఆడా, మగా అని కాదు. ఆ వ్యక్తి ముస్లిమా, అల్లాహ్ పేరు చెప్పారా, పద్ధతి ప్రకారం కోశారా అన్నదే చూడాలి.

స్వయంగానా, మరొకరితోనా?

హిజ్రీ 10వ సంవత్సరం. అంతిమ హజ్ సందర్భంగా దైవప్రవక్త (సఅసం) వంద ఒంటెలను ఖుర్బానీ ఇచ్చారు. వాటిలో 63 ఒంటెలను స్వహస్తాలతో జిబహ్ చేసి, మిగిలినవాటిని హజ్రత్ అలీ (రజి)కి అప్పగించారు. ఒకే రోజున, ఒకే చోట రెండు పద్ధతులూ మనకు చూపించారు. స్వయంగా చేయడం ఉత్తమం. మరొకరికి అప్పగించడమూ ధర్మసమ్మతమే.

స్వయంగా చేయడంలో ఒక శిక్షణ ఉంది. తన చేతి కింద ప్రాణం కొట్టుకోవడం చూసినవాడు పళ్ళెంలో ముక్క వదిలేసి లేవడు. ఈ జీవిపై తనకు సొంతంగా ఏ హక్కూ లేదని, దాన్ని సృష్టించినవాని అనుమతితోనే కత్తి ఎత్తానని అతనికి తెలుస్తుంది. బిస్మిల్లాహ్ అనడంలోని మర్మం ఇదే.

అయితే చెయ్యి వణికేవారు, ధైర్యం చాలనివారు పంతానికి పోకూడదు. సగం తెగిన గొంతుతో కోడి గిలగిలలాడితే ఆ బాధకు మనమే బాధ్యులం. అటువంటివారు తెలిసినవారికి అప్పగించడమే మేలు.

కోసే పద్ధతి

అల్లాహ్ ప్రతి విషయంలోనూ ఉత్తమ వైఖరిని విధిగా చేశాడని, జిబహ్ చేసేటప్పుడు కత్తికి పదును పెట్టుకుని జీవికి సుఖం కలిగించాలని మహాప్రవక్త (సఅసం) ఉపదేశించినట్లు ముస్లిం గ్రంథంలో ఉంది. గొర్రెను పడుకోబెట్టి దాని కళ్ళ ముందే కత్తి నూరుతున్న ఒక వ్యక్తిని చూసి, దాన్ని రెండుసార్లు చంపుతావా అని ఆయన మందలించారు.

కాబట్టి కత్తిని ముందే నూరి ఉంచుకోండి. కోడికి నీళ్ళు పట్టండి. మిగతా కోళ్ళ ఎదుట కోయకండి. ఎడమ పక్కకు పడుకోబెట్టి, ఖిబ్లా వైపు తిప్పి, 'బిస్మిల్లాహి అల్లాహు అక్బర్' అంటూ వేగంగా కోయండి. శ్వాసనాళం, అన్నవాహిక, మెడకు అటూ ఇటూ ఉన్న రెండు రక్తనాళాలు, ఈ నాలుగూ తెగాలి. హనఫీ ధర్మవేత్తల ప్రకారం వీటిలో మూడు తెగినా జిబహ్ చెల్లుతుంది. బిస్మిల్లాహ్ మరచిపోతే హలాలే, కావాలని వదిలేస్తే హరామ్. ఇద్దరు కలిసి కత్తి పట్టి కోస్తే ఇద్దరూ బిస్మిల్లాహ్ అనాలి. కాళ్ళు, రెక్కలు పట్టుకున్నవారు అనకపోయినా ఫరవాలేదు. పొరపాటున తల పూర్తిగా తెగిపడితే కోడి హరామ్ అయిపోయిందని పారేస్తుంటారు. అది సరికాదు. కావాలని అలా చేయడం మక్రూహ్, కానీ మాంసం హలాలే.

కోడి పూర్తిగా ప్రాణం విడిచేవరకు ఈకలు పీకకండి, మంట మీద కాల్చకండి. కొన్ని దుకాణాల్లో గొంతు సరిగా తెగిందో లేదో చూడకుండానే డ్రమ్ములో పడేస్తారు. నాళాలు తెగకుండా వేడినీళ్ళలోనో, ఊపిరాడకనో చచ్చినది కళేబరంతో సమానం. ఈకల కోసం వేడినీళ్ళలో ముంచదలిస్తే క్షణకాలం ముంచి తీసేయాలి. పేగులు తీయకుండా మరిగే నీళ్ళలో వదిలేస్తే ఆ మలినం మాంసానికి పడుతుందని ధర్మవేత్తలు హెచ్చరించారు.

ఊరంతా తిరిగే కోడిని తినవచ్చా అని కొందరు అడుగుతుంటారు. దైవప్రవక్త (సఅసం) కోడిమాంసం భుజించగా తాను చూశానని హజ్రత్ అబూ మూసా అష్‌అరీ (రజి) చెప్పారు. మలినాలు తినే కోడిని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మూడు రోజులు కట్టడిలో ఉంచేవారు. మన గంప అందుకు చక్కగా సరిపోతుంది.

కోసినవారి కూలి

ఖుర్బానీ ఒంటెల విషయంలో, కసాయికి వాటిలో నుంచి కూలి ఇవ్వవద్దని ప్రవక్త (సఅసం) హజ్రత్ అలీ (రజి)ని ఆదేశించారు. కూలి వేరుగా తమ సొమ్ములోంచి ఇచ్చేవారు. ఇంటి కోడి ఖుర్బానీ కాకపోయినా, కోసే కోడిలోని భాగాన్నే కూలిగా మాట్లాడుకోవడం సరికాదని హనఫీ పండితులంటారు. కనుక ముందే ఇంత అని డబ్బు మాట్లాడుకోండి. ఆ తరువాత తలకాయో, కార్జమో సంతోషంగా ఇస్తే అది కానుక. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న హితవు ఇక్కడ కూడా వర్తిస్తుంది.

మరొక మాట. 'కసాయివాడు' అన్న మాటను మన భాషలో తిట్టుగా వాడుతున్నాం. అతని చేతి పనిని తింటూ అతని వృత్తినే తిట్టుగా చేసుకోవడం విశ్వాసికి తగదు. ఇక ముస్లిం కసాయి బిస్మిల్లాహ్ అన్నాడో లేదో అని కారణం లేకుండా అనుమానించడమూ మంచిది కాదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చే మాంసం గురించి ఇటువంటి సందేహమే వస్తే, మీరు బిస్మిల్లాహ్ అని తినండని ప్రవక్త (సఅసం) చెప్పినట్లు హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయితే తప్పు కళ్ళారా చూసినప్పుడు మంచిగా చెప్పి సరిదిద్దాలి.

ఇరుగుపొరుగు హిందూ సోదరులు విందు కోసం కోడి కోయమని పిలిస్తే వెళ్ళి కోసి ఇవ్వడంలో అభ్యంతరం లేదు. అల్లాహ్‌కు కాక మరొకరికి మొక్కుగా కోయడం మాత్రం మనకు నిషిద్ధం (5:3). ఆ మాట మర్యాదగా చెప్పాలి. అదే సూత్రం దర్గాల దగ్గర కూడా వర్తిస్తుందని మరువరాదు. వలీని ప్రసన్నం చేసుకోవడానికి ఆయన పేర ప్రాణం తీయడం తౌహీద్‌కు విరుద్ధం.

తల్లులారా! మీ కొడుకులతో పాటు కూతుళ్ళకు కూడా ఈ పద్ధతి నేర్పండి. తండ్రులారా! సెలవు రోజున పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకుని, మూడు నాళాలు ఎక్కడ, నాలుగోది ఎక్కడ అని చూపించండి. మాంసం గానీ, రక్తం గానీ అల్లాహ్‌కు చేరవని, మన భయభక్తులే ఆయనకు చేరుతాయని అల్ హజ్ సూరా (22:37) ఖుర్బానీ సందర్భంలో తెలుపుతోంది. జిబహ్ చేసే పిచ్చుకపై సైతం దయ చూపినవానిపై ప్రళయదినాన అల్లాహ్ దయ చూపుతాడని హదీసులో శుభవార్త ఉంది. మన పెరటి కోడి పిచ్చుక కంటే తక్కువదేమీ కాదు.

అల్లాహ్ మనకు హలాల్ ఆహారాన్ని, దాన్ని హలాల్‌గా పొందే జ్ఞానాన్ని, ప్రాణుల పట్ల దయగల హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.