వచ్చిన వంకర, తెచ్చిన వంకర

మా నాన్నగారు చివరి రోజుల్లో పాత క్యాలెండరు కాగితాల వెనక బొమ్మలు వేసేవారు. తులసికోట, బావి గిలక, మామిడి కొమ్మ, ఇలా మొత్తం ఆరు. చెయ్యి వణికేది గనక గీతలూ వణికాయి. ఆ బొమ్మలు అతికించి ఒక పుస్తకం చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. అదీ జపాను పద్ధతిలో.

పద్ధతి తేలికే. కాగితాలు మడిచి, మడతలు బయటివైపు ఉంచి, విడి అంచుల పక్కన నాలుగు బెజ్జాలు పొడిచి దారంతో కుట్టడమే. చిక్కంతా కాగితంతో వచ్చింది. అక్కడ కోజో అనే మల్బరీ జాతి చెట్టు బెరడు నారతో చేత్తో కాగితం చేస్తారు. దాని అంచులు పలచగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. వాటిని వాళ్లు ‘మిమి’ అంటారు. అంటే చెవి. నేను కొన్నదేమో మిషను కోసిన కాగితం. దానికి చెవులెక్కడివి? తడిపి, చింపి మొలిపించాను. టీ డికాషన్‌లో ముంచి వయసు కూడా తెప్పించాను.

మా ఆవిడ తిరగేసి చూసి, “మామయ్యగారి చెయ్యి ముసలితనంతో వణికింది. మీదెందుకు వణికింది?” అంది.

“దీన్ని వాబి-సాబి అంటారు. లోపంలో అందం” అన్నాను. అన్నానేగాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చెప్పొద్దూ, ఈ ప్రశ్న జపానులో యనాగి సోయెత్సు (1889-1961) ఎప్పుడో వేశాడు. క్యోటోలో దైతోకుజి ఆలయం వారి కోహోఅన్‌లో కిజాయెమోన్ అనే టీ గిన్నె ఉంది. మహా పేరున్న గిన్నె. 1931లో దాన్ని చూసిన యనాగి, ఇంత సాదా గిన్నా అని ఆశ్చర్యపోయాడు. కొరియాలో పేరు తెలియని కుమ్మరి రోజువారీ వాడకానికి చేసింది అది అన్నాడు. అందం సంగతి ఆ కుమ్మరికి పట్టనే లేదు, అందుకే అది అందంగా ఉందన్నాడు. అందం కోసం కావాలని వంకర పెట్టిన రాకు గిన్నెలు మాత్రం ఆయనకు నచ్చలేదు.

అలాగని తెలిసి చేసిందల్లా అబద్ధమేనా? తెలిసిపోయినవాడు తెలియనట్టు ఎలా ఉంటాడు? పసివాడి ముద్దుమాటలు పెద్దవాడు పలికితే వెకిలిగా ఉంటుంది మరి.

నాకు తోచింది ఇదీ. నాన్నగారు గిలకను గుండ్రంగా వెయ్యాలనే పాటుపడ్డారు. ఆ పాటు ఆ వంకర గీతలో కనిపిస్తుంది. నేను పాటుపడింది వంకర కోసమే.

కొత్త కాగితాలు తెచ్చి అంచులు తిన్నగా కోశాను. స్కేలు పెట్టి బెజ్జాలకు గుర్తులు పెట్టాను. మూడో బెజ్జం దగ్గర దబ్బనం జారింది. కుట్టు కాస్త పక్కకు పోయింది. అది నా చేతి వంకర గదా అని అలాగే ఉంచేశాను.

ఉంచెయ్యడం మాత్రం కావాలని చేసింది కాదా అని అడుగుతుందేమోనని, పుస్తకం ఇంకా మా ఆవిడకు చూపించలేదు.