పరదుఃఖము – మన తీర్పు

మనుష్యునకు దుఃఖ మేల కలుగుచున్నదను ప్రశ్నమునకుఁ బ్రతిమతమును నొక యుత్తరము నొసఁగియున్నది. పూర్వకర్మఫలమని హిందూశాస్త్రములును, తృష్ణయే మూలమని బుద్ధదేవుఁడును, ఈశ్వరుఁడు చేయు పరీక్షయని మహమ్మదీయులును జెప్పుదురు. బైబిలునందలి యోబు గ్రంథమున, నిర్దోషి కష్టములపాలైనప్పుడు మిత్రులు వాని పాపమే కారణమని నిందించిరి. తుద కీశ్వరుఁడు మందలించినది యా మిత్రులనే.

1934 జనవరి 15వ తేదీని బీహారునందు ఘోరభూకంపము సంభవించి వేలకొలఁది జనులు మృతినొందిరి. అస్పృశ్యతాపాపమునకు దైవ మిచ్చిన శిక్ష యిదియని గాంధీమహాత్ముఁడు పలికెను. అస్పృశ్యతను దామును నిరసించు రవీంద్రనాథ ఠాకూరుగారు, భౌతికోత్పాతములకు భౌతికకారణములే యుండునని యా మాటను ఖండించిరి. భారతభూఫలకము హిమాలయముల క్రిందికిఁ జొచ్చుకొనిపోవుటచేతనే యచట భూమి కంపించుచున్నదని నేఁడు శాస్త్రజ్ఞు లెఱుంగుదురు. ఆ శిథిలములక్రింద మడిసిన శిశువుల కే పాపము నంటఁగట్టుదుము? అయినను మహాత్ముఁడు శిక్షయని యూరకుండలేదు. మార్చినెలలో బీహారునకేఁగి బాధితుల సేవకుఁ బూనుకొనెను.

ఇం దొక సత్యము గలదు. కర్మసిద్ధాంతమును దన దుఃఖమునకు వర్తింపఁజేసికొనువాఁడు వినయవంతుఁ డగును. పరదుఃఖమునకు వర్తింపఁజేయువాఁడు కఠినుఁ డగును. బాలవితంతువును, కుష్ఠరోగిని మనము పాపులని దూరపఱచితిమి. వారి దుఃఖమున సగము మన తీర్పే కాదా?

కావునఁ బొరుగువాఁడు విలపించునపుడు కారణము నడుగకుఁడు, చేయి నందిండు. పరమేశ్వరుఁడు మన కట్టి హృదయము నొసఁగుఁగాక!