మర్యాద నేర్చే వయసు

సంస్కృతంలో 'మర్యాద' అనే మాటకు మొదటి అర్థం హద్దు. సముద్రానికి తీరం మర్యాద, పొలానికి గట్టు మర్యాద. తెలుగులోకి వచ్చేసరికి ఆ హద్దు మనిషికీ మనిషికీ మధ్య పాటించవలసిన నడవడి అయింది. ఆ తరువాత, మన సామాజిక చరిత్ర పుణ్యమా అని, చిన్నవాడు పెద్దవాడి ఎదుట, లేనివాడు ఉన్నవాడి ఎదుట చూపవలసిన అణకువగా కుదించుకుపోయింది. ఫలానావారి పిల్లలకు మర్యాద తెలుసునని మెచ్చుకున్నామంటే, పెద్దలు మాట్లాడుతుండగా వారు నోరు మెదపరని అర్థం. పెద్దలు పిల్లల పట్ల పాటించవలసిన మర్యాద కూడా ఒకటి ఉందన్న ఊహకు ఆ మెచ్చుకోలులో చోటు లేదు. అయితే తెలుగులోనే దాని పక్కన 'మన్నన' అనే మరో మాట ఉంది. మన్నించడమంటే గౌరవించడం, క్షమించడం కూడా. అది పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ ప్రవహించగల గుణం. పసితనంలో నేర్పవలసినది ఈ రెండింటిలో ఏది? అసలు అది నేర్పితే వచ్చేదేనా? శిశువిద్యను గురించి ఆలోచించినవారందరూ ఏదో ఒక దశలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నవారే.

డాక్టర్ మేరియా మాంటిసోరి రోమ్ నగరంలోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో 1907 జనవరి 6న తన మొదటి 'పిల్లల ఇల్లు' ప్రారంభించారు. అక్కడి అనుభవాలలో ఆమె స్వయంగా చెప్పిన ఒక చిన్న సంఘటన గ్రంథాలంతటి విలువైనది. ఒకనాడు ఆమె పిల్లలకు ముక్కు శుభ్రం చేసుకోవడం ఎలాగో చూపించారు. జేబురుమాలు ఎలా తీయాలి, చప్పుడు చేయకుండా, ఎదుటివారి దృష్టి పడకుండా పని ఎలా ముగించాలి అన్నదే పాఠం. పిల్లలు రెప్ప వేయకుండా చూశారు. పాఠం ముగియగానే చప్పట్లు కొట్టారు. ఆ కరతాళ ధ్వనులకు కారణం ఆమెకు క్రమంగా బోధపడింది. ముక్కు కారుతున్నదని ఆ పిల్లలను ప్రతివారూ కసిరినవారే. ఏం చేయాలో ఓపికగా చూపించినవారు మాత్రం అంతవరకు ఒక్కరూ లేరు. వారు చప్పట్లు కొట్టినది శుభ్రతా సూత్రానికి కాదు. తమ పరువును గుర్తించిన మనిషికి.

మాంటిసోరి పద్ధతిలో మర్యాద పాఠాలకు ఈ సంఘటన తాళంచెవి వంటిది. తలుపు మెల్లగా వేయడం, పనిలో ఉన్నవారి పక్కనుంచి తగలకుండా నడవడం, నేలపై పరచిన చాపను తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళడం, ఒకరు మాట్లాడుతుంటే వేచి ఉండడం, ఇవన్నీ ఆ పాఠాలలోనివే. తప్పు చేసినప్పుడు అందరిలో దిద్దడం ఆ పద్ధతిలో లేదు. ఎవరూ తప్పు చేయని వేళ, ఒక ఆటలాగా, ఆ పనిని చేసి చూపిస్తారు. గదిలో ప్రతి పరికరమూ ఒక్కటే ఉంటుంది. ఇది పొదుపు కోసం కాదు. అది కావలసిన పిల్లవాడు తోటివాడు ముగించేదాకా ఆగవలసి వస్తుంది. ముగించినవాడు దానిని తరువాతివారి కోసం తిరిగి అలమరలో పెట్టవలసి వస్తుంది. పరుల ఉనికి ఉపన్యాసం ద్వారా కాక, ఖాళీగా ఉన్న అలమర ద్వారా తెలుస్తుంది. సహనాన్ని గురించి నీతికథలు చెప్పడం కంటె ఇది మెరుగైన ఉపాయమని ఒప్పుకోక తప్పదు.

ఈ పద్ధతి వెనుక ఒక రాజకీయ సత్యం కూడా దాగి ఉంది. ముసోలినీ ప్రభుత్వం మొదట మాంటిసోరి పాఠశాలలను ఆదరించింది. క్రమశిక్షణ గల పిల్లలు ఏ నియంతకు చేదు? కాని ఆ క్రమశిక్షణ ఆజ్ఞకు లోబడినది కాదని తేలాక, 1930లలో ఇటలీలో ఆ పాఠశాలలు మూతబడ్డాయి. 1939లో ఆమె దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసు అడయారుకు వచ్చారు. మరుసటి సంవత్సరం ఇటలీ యుద్ధంలోకి దిగడంతో శత్రుదేశ పౌరురాలిగా ఆమె కదలికలపై ఆంక్షలు విధించారు. కుమారుడు మారియోను నిర్బంధించారు. 1940 ఆగస్టు 31న, ఆమె డెబ్బయ్యవ పుట్టినరోజుకు, అతనిని విడుదల చేశారు. ఒక సామ్రాజ్యం ఒక వృద్ధురాలికి చూపిన మర్యాదగా చరిత్రకారులు దీనిని నమోదు చేసుకోవచ్చు. యుద్ధం ముగిసేదాకా ఆమె ఈ దేశంలోనే ఉండి వందలాది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

ఆ విత్తనం తెలుగునాట కూడా మొలకెత్తింది. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1950లలో ప్రారంభించిన మాంటిసోరి పాఠశాల రెండు మూడు తరాల కుటుంబాలకు పరిచితం. అయితే కాలక్రమాన మన పట్టణాలలో 'మాంటిసోరి' అనే పేరు చాలా చోట్ల ఇంగ్లీషు మాధ్యమానికి, మెడకు బిగించిన టైకి పర్యాయపదమైపోయింది. అటువంటి బోర్డు కింద 'గుడ్ మార్నింగ్ టీచర్' అని ఒక్క గొంతుతో అరవడమే మర్యాద. శాన్ లొరెంజో పిల్లలు దానికి చప్పట్లు కొట్టి ఉండేవారు కాదు.

పద్ధతి ఇలా ధనికుల పెరట్లో పాతుకుపోయిన దేశంలోనే, దానితో ఏ సంబంధమూ లేకుండా, పిల్లలు పిల్లలకు మన్నన నేర్పిన వ్యవస్థ ఒకటి బస్తర్ అడవులలో శతాబ్దాలుగా నడిచింది. బస్తర్ తెలుగువారికి దూరదేశమేమీ కాదు. ఓరుగల్లు పతనానంతరం ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అక్కడికి వెళ్ళి రాజ్యం స్థాపించాడని సంప్రదాయం. గోండీ తెలుగుకు దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. ఉత్తర బస్తర్‌లో, నేటి కొండగావ్, నారాయణపూర్ జిల్లాల ప్రాంతంలో నివసించే మురియా గోండుల యువజన గృహమే ఘోటుల్. దీనిని గురించి వెరియర్ ఎల్విన్ రాసిన బృహద్గ్రంథం 1947లో వెలువడింది. దురదృష్టవశాత్తు బయటి ప్రపంచం ఆ గ్రంథం నుంచి యువతీయువకుల సాంగత్యాన్ని మాత్రమే ఏరుకున్నది. పత్రికలు, కెమెరాలు అదే దారి పట్టాయి. ఆ పుటల పక్కనే ఎల్విన్ ఎంతో ఓపికగా నమోదు చేసిన శిశుశిక్షణను చదివినవారు తక్కువ.

ఆరేడేళ్ళ వయసు రాగానే మురియా బాలుడు, బాలిక సాయంత్రాలు ఘోటుల్‌కు వెళ్ళడం మొదలుపెడతారు. అబ్బాయి చేలిక్, అమ్మాయి మొటియారీ. వెళ్ళేటప్పుడు చేతిలో కట్టెపుల్ల ఉండాలి. రాత్రి నెగడు అందరిదీ గనుక కట్టె కూడా అందరూ తేవాలి. అమ్మాయిలు వాకిలి ఊడ్చి అలుకుతారు. పెద్దవారు చిన్నవారికి ఆటపాటలు నేర్పుతారు. ఒకరి తల ఒకరు దువ్వుతారు. అలసినవారి ఒళ్ళు పడతారు. ఊరిలో పెళ్ళి జరిగినా, చావు జరిగినా, ఊరికి అతిథి వచ్చినా ఆ పనులలో సగభారం ఘోటుల్‌దే. పెళ్ళి కాగానే సభ్యత్వం ముగుస్తుంది. ఈ వ్యవస్థను లింగో పేన్ అనే దేవుడు స్థాపించాడని వారి నమ్మకం. పెద్దలు లోపలి వ్యవహారాలలో జోక్యం చేసుకోరు.

ప్రతి సభ్యునికి అక్కడ కొత్త పేరు వస్తుంది. అది తోటివారు పెట్టే పేరు. పలు పేర్లు పదవులు కూడా. సిర్దార్, బెలోసా నాయకత్వం వహిస్తారు. దివాన్, తహసీల్దార్, కొత్వార్ కూడా ఉంటారు. రాజ్యాన్ని దూరం నుంచి చూసిన పిల్లలు దాని హోదాలను అరువు తెచ్చుకుని, వాటికి కట్టెలు లెక్కపెట్టడం, వాకిలి ఊడ్పించడం వంటి ఉపయోగకరమైన పనులు అప్పగించారు. అసలు తహసీల్దార్లు దీనిని చదివి చిన్నబుచ్చుకోనవసరం లేదు. ఇందులో లోతైన విషయం ఒకటి ఉంది. ఊరిపెద్ద కొడుకైనా, పొలం లేనివాని కొడుకైనా ఆ గుమ్మం దాటాక ఇంటిపేరు వెనుకబడిపోతుంది. కొత్త పేరుతో జోహార్ అందుకున్నవాడు తిరిగి జోహార్ చెప్పాలి. వందనం ఇక్కడ ఇచ్చిపుచ్చుకునే వస్తువు. ఒకే దిశలో వసూలయ్యే శిస్తు కాదు.

మాంటిసోరి గదితో దీనికి గల పోలిక కాదనలేనిది. వేర్వేరు వయసులవారు కలిసి ఉండడం, చిన్నవారికి పెద్దవారే గురువులు కావడం, నిజమైన పని ద్వారా నేర్చుకోవడం, పెద్దల అధికారం గడప వద్దనే ఆగిపోవడం రెండింటిలోనూ కనిపిస్తాయి. కాని పోలికను అతిగా సాగదీయడం సత్యానికి మేలు చేయదు. ఘోటుల్ నియమాలకు జరిమానాలు, శిక్షలు ఉండేవి. కట్టె తేనివాడు, పనికి రానివాడు మూల్యం చెల్లించవలసిందే. మాంటిసోరి బహుమతులనూ శిక్షలనూ రెండింటినీ తిరస్కరించారు. ఆ వయసు పిల్లల సాంగత్య జీవితంపై నేటి చట్టానికీ, నేటి అంతరాత్మకూ గల అభ్యంతరాలను కూడా గిరిజన సంస్కృతిపై అభిమానంతో తోసిపుచ్చకూడదు. పైగా ఎవరూ అడగకుండానే ఎదుటివాని చలిని గ్రహించి కట్టె వేసేవానికీ, జరిమానా భయంతో కట్టె తెచ్చేవానికీ నైతికంగా తేడా ఉంది. అయితే ఆ తేడాను ఏడేళ్ళ వయసులో ఎవరు కొలవగలరు? భయంతో మొదలైన కట్టె పదేళ్ళకు అలవాటై, పదిహేనేళ్ళకు ఇష్టమై ఉండవచ్చు. అభ్యాసం చేతనే గుణం ఏర్పడుతుందన్న అరిస్టాటిల్ వాదం ఘోటుల్ పక్షాన నిలుస్తుంది. గుణం లోపలే ఉంది, అడ్డు తొలగిస్తే చాలునన్నది మాంటిసోరి విశ్వాసం. శాన్ లొరెంజో చప్పట్లు ఈ రెండవ పక్షానికి గట్టి సాక్ష్యం. ఇంతవరకు తెలిసిన సాక్ష్యాలతో ఈ వ్యాజ్యంలో తీర్పు చెప్పడం తొందరపాటే.

ఈ రెండు లోకాల మధ్య వంతెన వేసినవారు ఒకరున్నారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకాతో కలిసి మాంటిసోరి పద్ధతిపై కృషి చేసిన తారాబాయి మోడక్, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డి గ్రామానికి వెళ్ళారు. శిష్యురాలు అనుతాయి వాఘ్ ఆమెకు తోడు. తరువాత, 1957లో, వారు వార్లీ గిరిజనులు నివసించే కోస్‌బాడ్ కొండకు చేరారు. బాలవాడికి పిల్లలు రాకపోతే బాలవాడే వారి ముంగిలికి వెళ్ళింది. ఆ 'అంగన్' నుంచి పుట్టినదే అంగన్‌వాడీ అనే మాట. ఖరీదైన కొయ్య పరికరాల స్థానంలో గులకరాళ్ళు, గింజలు, ఆకులు వచ్చాయి. నీళ్ళు పోయడం, తల దువ్వడంతో పాఠం మొదలయ్యేది. దువ్వెనకు మురియాల ఘోటుల్‌లో ఉన్న ప్రాముఖ్యం వారికి తెలుసో లేదో గాని, ఆదరణకు అదే ఆనవాలని వారూ కనుగొన్నారు. పిల్లలను తమ వద్దకు రప్పించుకోకుండా తామే వారి ముంగిలికి వెళ్ళడంలోనే మొదటి మర్యాద పాఠం ఉంది. ఆ పాఠం నేర్చుకున్నది ఉపాధ్యాయినులు.

1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ప్రారంభమైనప్పుడు ప్రభుత్వం ఆ పేరునే స్వీకరించింది. పేరుతోపాటు ఆ చూపు కూడా అన్ని గ్రామాలకూ చేరిందా అన్నది వేరే ప్రశ్న. బస్తర్‌లో పాఠశాల చాలాకాలం హిందీలో మాట్లాడింది. గోండీ పలికే పిల్లవానికి తన ఇంటి మన్నన అంతా అక్కడ మొరటుతనంగా కనిపించింది. 2005 తరువాతి హింసాకాండలో మావోయిస్టులు బడి భవనాలను పేల్చివేశారు. మిగిలిన కొన్నింటిలో భద్రతా దళాలు బస చేశాయి. వాటిని ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం ఐదవ తరగతి వరకు ఇంటి భాషలో బోధన జరగాలని చెప్పింది. ఆ వాక్యంలో 'వీలైన చోటల్లా' అనే మాట బరువు ఎంతో అడవి జిల్లాలలో పనిచేసినవారికి చెప్పనక్కరలేదు.

ఆ హింస నుంచి పారిపోయి వేలాది కుటుంబాలు భద్రాచలం, ఏటూరునాగారం అడవులకు వచ్చాయి. తెలుగువారు వారిని గుత్తికోయలు అంటారు. వారి పిల్లలలో కొందరు నేడు తెలుగు బడులలో ఉన్నారు. ఏజెన్సీ ప్రాంతాలలో ఉద్యోగం చేసిన ప్రతి అధికారికీ ఒక అనుభవం ఉంటుంది. అడవి మనిషి కలెక్టరునైనా, కరణాన్నైనా తడబాటు లేకుండా 'నువ్వు' అంటాడు. అందులో అగౌరవం లేశమైనా లేదు; తన తండ్రినీ, తన దేవుణ్ణీ అతడు అలాగే పిలుస్తాడు. బడిలో చేరిన పిల్లవానికి మొదట చెప్పే దిద్దుబాట్లలో ఇదొకటి. 'నువ్వు' కాదు, 'మీరు' అనాలి అంటారు ఉపాధ్యాయులు. వాడు త్వరలోనే నేర్చుకుంటాడు. పిల్లలు దేనినైనా త్వరగా నేర్చుకుంటారు. మనుమణ్ణి చూసుకోవడానికి ఒక మధ్యాహ్నం తాత బడికి వస్తాడు. ఏరా, ఎవరు కావాలి నీకు అని వరండాలోంచి అడుగుతారు. పలక ముందు కూర్చున్న పిల్లవాడు తల ఎత్తి ఆ మాట కూడా వింటాడు.