నిశానీయు న్యాయమును

డర్బన్ నగరమునందలి ఒక తెలుగు కుటుంబమున ఐదవ తరమునకు చెందిన ఒక యువతి విశ్వవిద్యాలయములో నీతిశాస్త్రము చదువుచున్నది. ఆమె పాఠ్యగ్రంథములో ఒక కాగితము ఎల్లప్పుడును మడిచియుండును. అది ఓడల జాబితా నుండి ఎత్తి వ్రాసికొనిన ప్రతి. అందులో ఒక సంఖ్య, ఒక పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, శరీరముపై నున్న ఒక మచ్చ యొక్క గుర్తు, ఇంతమాత్రమే కలదు. ఐదు సంవత్సరముల ఒప్పందముపై చెరకు తోటలకు వచ్చిన పూర్వికుని గూర్చి ఆ ఇంట మిగిలిన వ్రాత అదియొక్కటియే.

ఒకనాడు తరగతిలో ఆచార్యుడు ఒక ప్రశ్న వేసెను: "ఇరువురు ఇష్టపూర్వకముగా చేసికొనిన ఒప్పందము న్యాయమైనదని చెప్పుటకు ఆ ఇష్టమొక్కటియే చాలునా?" చాలునని పెక్కుమంది విద్యార్థులు బదులు చెప్పిరి. ఎవరును బలవంతపెట్టలేదు, ఇష్టము లేనివాడు ఒప్పుకొనకుండ ఉండవచ్చును, ఒప్పుకొనిన తరువాత కష్టమని మొరపెట్టుట తగదు. ఇది వారి వాదము. ఆ విద్యార్థిని చేయి ఎత్తలేదు. ఆమె వ్రేలు పుస్తకములోని కాగితముపై నిలిచియుండెను.

సాయంకాలము ఆమె ఆ ప్రశ్నను తన అవ్వ ముందుంచెను. దీపారాధనకు వత్తులు చేయుచున్న అవ్వ తల ఎత్తకుండనే చెప్పెను: "మన పెద్దలు నిశానీ పెట్టిన మాట తప్పినవారు కారమ్మా. హరిశ్చంద్రుడు కాటికాపరియై కూడ మాట నిలుపుకొనలేదా?"

"హరిశ్చంద్రునికి తాను ఇచ్చిన మాట ఏమిటో తెలియును అవ్వా. మన తాతకు తెలిసినదా?" అని మనుమరాలు అడిగెను.

అవ్వ సమాధానమునకును మనుమరాలి సంశయమునకును నడుమ పెద్ద విచారణయే కలదు. ఇచ్చిన మాట నిలుపుకొనుట శీలము. ఆ మాట ఎట్టి పరిస్థితులలో పుట్టినదని అడుగుట న్యాయము. ఈ రెండును ఒకటి కావు. ఒకదానిని చూపి మరియొకదానిని కప్పిపుచ్చుటయే పెక్కు అన్యాయములకు మూలము.

1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ చెన్నపట్టణము నుండి డర్బన్ రేవు చేరెను. అది మొదలు 1911వ సంవత్సరము వరకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటాల్ సీమకు వచ్చిరి. వారిలో సుమారు మూడింట రెండు వంతులు చెన్నపట్టణమున ఓడ నెక్కినవారే. గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మండలముల తెలుగువారు వారిలో ఉండిరి. మొదటి సంవత్సరము నెలకు 10 షిల్లింగుల జీతము. ఏటేట ఒక షిల్లింగు చొప్పున పెరిగి ఐదవ సంవత్సరమున 14 షిల్లింగులు. తిండి, వసతి యజమానుడు చూడవలెను. కాగితముపై చూచినచో ఇందులో దోషము కనబడదు.

అయితే ఆ కాగితమునకు ముందు ఒక ఆకలి ఉన్నది. 1876వ సంవత్సరమున మొదలై 1878 వరకు సాగిన ధాత కరువులో చెన్నపురి రాజధాని పల్లెలు పాడుపడెను. గింజలు లేని ఇంటిలోని మనిషి ఎదుటకు ఒక ఏజెంటు వచ్చి, సముద్రమునకు ఆవల అన్నము దొరకునని చెప్పినచో, ఆతడు తల ఊపుట ఇష్టమా, దిక్కులేనితనమా? నీట మునుగుచున్నవాడు త్రాడు పట్టుకొనును. ఆ త్రాటి రెండవ కొన ఎవరి చేతిలో నున్నదని అడుగుటకు ఆతనికి తీరిక ఉండదు.

ఆ కాగితమునకు తరువాత ఒక చెరసాలయు ఉన్నది. సాధారణ సేవకుడు పని విడిచిపోయినచో యజమానుడు న్యాయస్థానములో నష్టపరిహారము కోరవచ్చును. ఒప్పంద కూలి పని విడిచిపోయినచో అది నేరము. ఆతడు జైలుకు పోవలెను. 1891వ సంవత్సరపు నాటాల్ చట్టములో ఇంకను ఘోరమైన నిబంధన కలదు. కూలీలు గుంపుగా సెలవు లేకుండ తోట విడిచి ఫిర్యాదు చేయబోయినచో, ఆ ఫిర్యాదు నిజమని తేలినను వారు శిక్షార్హులే. అనగా సత్యము చెప్పుటకు నడచివచ్చిన అడుగులే నేరమాయెను.

జాన్ స్టూవర్ట్ మిల్ అను ఆంగ్ల తత్త్వవేత్త 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగము చేసినవాడు. 1859లో ప్రకటించిన స్వేచ్ఛను గూర్చిన గ్రంథములో, తన స్వేచ్ఛను తానే అమ్ముకొనుటకు మనుష్యునికి స్వేచ్ఛ లేదని ఆయన వాదించెను. ఆ గ్రంథము వెలువడిన మరుసటి ఏడే ట్రూరో ఓడ బయలుదేరినది. ఒప్పందము ఐదేండ్లకు ముగియును, బానిసత్వము ముగియదు, కాబట్టి రెండును వేరని తోట యజమానులు చెప్పవచ్చును. ఆ భేదము నిజమే. అయినను జాన్ రాల్స్ అను అమెరికా తత్త్వవేత్త 1971లో చూపిన పరీక్ష ఒకటి కలదు. పుట్టబోవు స్థానము తెలియకుండ ఒక తెర వెనుక నిలిచి నియమములను నిర్ణయింపవలెను. అట్లు నిర్ణయించినవే న్యాయమైన నియమములు. తాను యజమానుడగునో, కూలి యగునో ఎరుగని మనిషి 1891 నాటి ఆ నిబంధనకు ఒప్పుకొనునా? ఒప్పుకొనడు. ఆ నిబంధనను వ్రాసినవారికి తాము ఎన్నడును బారక్కులలో పండుకొనబోమని ముందే తెలియును.

విద్యార్థిని ఈ మాటలు చెప్పగా అవ్వ కొంతసేపు ఊరకుండెను. "హక్కులు, హక్కులు అందురు. మన పెద్దలు ధర్మమనిరి గాని హక్కనలేదు" అని తుదకు పలికెను.

ఆ మాటలో కొంత నిజము కలదు. 'హక్కు' అను పదము అరబ్బీ భాష నుండి తెలుగులోనికి వచ్చినది. ధర్మము అను పదము అంతకు ముందే ఉన్నది. అయితే పదము ఆలస్యముగా వచ్చినంత మాత్రమున భావము లేదనరాదు. గడువు ముగిసి 1871లో ఇండియాకు తిరిగిపోయిన కూలీలు తమకు జరిగిన దౌర్జన్యములను అధికారులకు చెప్పుకొనిరి. ఆ ఫిర్యాదుల ఫలితముగా 1872లో నాటాల్‌లో విచారణ సంఘము కూర్చుండెను. కూలీల సంరక్షకాధికారి పదవి ఏర్పడెను. 1894లో బాలసుందరము అను తమిళ కూలి యజమానుడు కొట్టగా పండ్లు విరిగి, తలపాగా చేత పట్టుకొని గాంధీగారి కచ్చేరికి వచ్చెను. గాంధీగారు మొదట ఆతనిని తలపాగా చుట్టుకొనుమనిరి. తరువాత ఆతని ఒప్పందమును వేరొక యజమానునికి మార్పించిరి. ఆ కూలికి హక్కను పదము తెలిసియుండునో లేదో గాని, తన నోట కారిన రక్తమునకు ఎవరో జవాబు చెప్పవలెనని మాత్రము తెలిసియుండెను. ఒకరి ధర్మమును ఎదుటివాని వైపు నుండి చూచినచో, అదియే ఆతని హక్కు.

ఇక మాట తప్పుటను గూర్చి. 1895వ సంవత్సరపు చట్టము గడువు ముగిసిన పిమ్మట ఈ దేశమున నిలువదలచిన కూలిపై ఏటేట 3 పౌనుల పన్ను విధించెను. మూడు పౌనులనగా 60 షిల్లింగులు. తొలి యేటి జీతము లెక్కన ఆరు నెలల కష్టము. పన్ను చెల్లింపవలెను, లేదా మరల ఒప్పందము చేసికొనవలెను, లేదా ఓడ నెక్కవలెను. 1912లో గోపాలకృష్ణ గోఖలే దక్షిణాఫ్రికాకు వచ్చి మంత్రులతో మాటలాడిన పిమ్మట ఆ పన్ను రద్దగునని నమ్మిరి. 1913లో ప్రభుత్వము అట్టి వాగ్దానమేదియు చేయలేదనెను. ఆ యేడు అక్టోబరులో బొగ్గుగనులలో మొదలైన సమ్మె చెరకు తోటలకు ప్రాకెను. వేలకొలది కూలీలు పని మానిరి. కాల్పులలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. 1914లో చట్టము మారి పన్ను రద్దాయెను.

"పని చేయుదుమని నిశానీ పెట్టినవారే పని మానిరి. అవ్వా, వారు మాట తప్పినట్లా?" అని మనుమరాలు అడిగెను.

అవ్వ చేతిలోని వత్తిని ప్రక్కన పెట్టెను. "దొర తన మాట తానే మ్రింగివేసిన తరువాత, కూలివాని మాట ఎవరికి బాకీ?" అనెను.

ఆచార్యుని ప్రశ్నకు సగము జవాబు ఈ మాటలోనే కలదు. మాట ఇరుచేతుల ముడి. ఒక చేయి ఎప్పుడైనను విడిచిపోవచ్చునని, రెండవ చేయి మాత్రము విడిచినచో సంకెల పడునని చెప్పునది ఒప్పందము కాదు.

అట్లయినచో పూర్వికుల ఓర్పునకును సత్యసంధతకును విలువ లేదా? ఉన్నది. ధర్మకార్యములు చేయుచు చేయుచు మనుష్యుడు ధర్మశీలి యగునని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ బోధించెను. ఆ కొద్దిపాటి జీతములలో నుండి పైసలు కూడబెట్టి వారు గుడులు కట్టిరి, బడులు పెట్టిరి. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించిరి. అయితే వారి శీలము వారిది. తోటల అన్యాయమునకు ఆ గొప్ప చెందదు. తామర బురదలో పుట్టినదని బురదకు ఎవరును పూజ చేయరు. "వారు కష్టపడిరి, అందుచేతనే బిడ్డలు పైకి వచ్చిరి" అని చెప్పువారు తెలియకయే తోట యజమానునికి సాక్ష్యము చెప్పుచున్నారు.

ఈ విచారణ ఇక్కడ ముగిసినచో సుఖముగా నుండెడిది. అవ్వ గదికి ఆవల వంటింట పాత్రలు కడుగుచున్న శబ్దము వినబడుచుండెను. ఆ ఇంట పదకొండు సంవత్సరములుగా పనిచేయుచున్న జులూ స్త్రీని అందరును ఒక సులభమైన ఇంగ్లీషు పేరుతో పిలుచుచుండిరి. ఆమె తల్లిదండ్రులు పెట్టిన పేరు ఇంటిలో ఎవరును అడుగలేదు. ఒకప్పుడు ఈ దేశపు తెల్లవారు దక్షిణాది కూలీలనందరిని 'సామి' యని పిలిచిరి. ఆ పిలుపును తలచుకొని నేటికిని నొచ్చుకొను ఇంటిలోనే ఇది జరుగుచుండెను. మనుష్యుని కేవలము సాధనముగా వాడరాదని, వస్తువునకు వెల యుండును గాని మనుష్యునికి గౌరవమే యుండునని కాంట్ చెప్పిన పాఠమును ఆ విద్యార్థిని పరీక్షలో చక్కగా వ్రాసినది. ఆ రాత్రి అది ఆమెకు మింగుడు పడలేదు.

దేశ చరిత్రయు ఆమెకు ఊరట నీయలేదు. 2012లో ప్రిటోరియాలో ఇరువది రెండు సంవత్సరములుగా ఒకే కుటుంబమున పనిచేసిన స్త్రీ ఆ ఇంటి ఈతకొలనులో పడి మరణించెను. పనిలో గాయపడినవారికిని మరణించినవారి కుటుంబములకును పరిహారమిచ్చు చట్టము ఇంటి పనివారికి వర్తింపదనిరి. 2020 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానము ఆ మినహాయింపు చెల్లదని తీర్పు చెప్పెను. 2019లో కనీస వేతనము గంటకు 20 రాండులుగా నిర్ణయించినప్పుడు ఇంటి పనివారికి 15 రాండులే ఇచ్చిరి. 2022లో గాని అది సమానము కాలేదు. ఆ సంవత్సరములలో యజమానుల కుర్చీలలో కూలీల మునిమనుమలును కూర్చుండిరి.

మరునాడు విద్యార్థిని ఆ స్త్రీని పేరు అడిగెను. ఆమె కొంచెము ఆశ్చర్యపడి చెప్పెను. అవ్వ ఆ పేరును రెండు మూడు మార్లు తప్పుగా పలికి, తుదకు సరిగా పలికెను. తరువాత పని గంటలు, జీతము, సెలవులు వివరించుచు విద్యార్థిని ఒక కాగితము వ్రాసి, జులూ భాష బాగుగా వచ్చిన స్నేహితురాలిచే చదివించెను. ఆ స్త్రీ తుదివరకు విని, ఒక పంక్తి మార్చవలెనని కోరెను: శనివారము మధ్యాహ్నమునకే ఇంటికి పోవలెను, దూరపు ఊరిలో బిడ్డ యున్నది. ఇంటివారు ఒకరి ముఖమొకరు చూచికొనిరి. శనివారము చుట్టములు వచ్చు దినము. పంక్తి మార్చుట అంత సులభముగా జరుగలేదు. అయినను మార్చిరి. ఆమె తన పేరు తానే వ్రాసి సంతకము చేసెను.

విద్యార్థిని ఆచార్యునికి ఇచ్చిన వ్యాసములో సమాధానము రెండు వాక్యములే: ఇష్టమొక్కటి చాలదు. ఒక పంక్తి మార్చుమని భయము లేకుండ అడుగగల శక్తి ఇరువురికిని ఉన్నప్పుడే ఒప్పందము న్యాయమగును.

ఓడ జాబితాలోని పూర్వికుడు ఒక్క పంక్తియు మార్చుమని అడుగలేకపోయెను. ఆతని సంతతి ఆతని ఋణము తీర్చుకొను మార్గము పండుగనాడు ఆతని కష్టములను తలచుకొనుట మాత్రమే కాదు. తమ ఎదుట నిలిచినవాడు అడుగునట్టి పంక్తిని వినుట.